మెడలో మోగిన చప్పుడు

నంద్యాలలోని ఆ వైద్యశాల మీద నా కోపం చల్లారలేదు. చల్లారాలని నేను కోరుకోవడమూ లేదు.

మా అక్క భర్త ఆళ్లగడ్డలో శిల్పి. చిన్ననాటి నుంచి తల వంచి రాతి మీద ఉలి నడిపిన మనిషి. నిరుడు వేసవిలో ఆయనకు మెడ పట్టేసింది. నొప్పితోపాటు కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు తిమ్మిరెక్కేవి. ఆ తిమ్మిరి సంగతి ఎవరికీ చెప్పలేదు. చెయ్యి బాగాలేదని తెలిస్తే చేతిలో ఉన్న విగ్రహం పని ఇంకొకరికి పోతుందని భయం. ఫోనులో వీడియోలు చూసి, బస్సెక్కి, ఒక్కడే నంద్యాలలోని కైరోప్రాక్టర్ దగ్గరికి పోయాడు. కైరోప్రాక్టర్ అంటే వెన్నునూ మెడనూ చేతులతో తిప్పి సర్దుతానని చెప్పే మనిషి.

అక్కడ అడిగింది ఒకటే ప్రశ్న, నొప్పి ఎక్కడ అని. తర్వాత గడ్డం పట్టి మెడను విసురుగా పక్కకు తిప్పాడు. టక్కుమంది.

సాయంత్రం బావ ముఖం వెలిగిపోతూ ఇంటికొచ్చాడు.

"సప్పుడు ఎట్లొచ్చిందనుకుంటివప్పా!"

"సప్పుడొస్తే ఏందీ బావా?"

"రాయిని తడితే గంట మాదిరి మోగల్ల. మోగితే లోపల పగులు లేదని. పుస్తకాలు నమిలేటోనివి, నీకేం తెలుసు?"

రాయి గురించి ఆయన చెప్పింది నిజం. కానీ మెడ రాయి కాదు. మెటికలు విరుచుకున్నప్పుడు వచ్చేదీ ఆ చప్పుడే. కీలులోని ద్రవంలో బుడగ ఏర్పడి వచ్చే శబ్దమేగాని, ఎముక తన చోటికి చేరిందనడానికి రుజువు కాదు. ఈ మాట అప్పుడే చెప్పాను. "నువ్వు దేవుణ్ణీ నమ్మవు, డాక్టర్నీ నమ్మవు" అని అక్క విసుక్కుంది. నేనూ వాదనలో గెలవాలని చూశానేగాని, చేతులెలా ఉన్నాయని అడగలేదు. ఆ తప్పు నాది.

మూడోసారి పోయివచ్చిన మర్నాడు ఉలి ఆయన చేతిలోంచి జారి పాదం పక్కన పడింది. ఆ మధ్యాహ్నం అన్నం ముద్ద కలపలేకపోయాడు. కర్నూలులో నరాల డాక్టరు స్కానింగు చూసి, మెడలో డిస్కు నరాన్ని నొక్కుతోందన్నాడు. తిమ్మిరి ఉన్న మనిషి మెడను సరిగా పరీక్షించకుండా అలా తిప్పకూడదన్నాడు. తిప్పడం వల్లే ముదిరిందా అని అడిగాను. "అయ్యుండొచ్చు. ఖాయంగా చెప్పలేను" అన్నాడు. ఆయన నిజాయితీని గౌరవిస్తాను. దానివల్ల నా పగ మాత్రం తగ్గలేదు.

అంతలో కోయిలకుంట్ల బంధువు ఒకడు ఆ వైద్యశాల హాల్లోంచి ఫోన్ చేశాడు.

"మీ బావ టీవీలో వస్తాండాడు గదప్పా, నంద్యాల ఆస్పత్రిలో!"

మొదటి రోజు ఆయన మెడ తిప్పడాన్ని వీడియో తీశారట. దాన్ని ఇప్పుడు హాల్లో కూర్చున్న కొత్త రోగులకు చూపిస్తున్నారు.

సోమవారం బావను వెంటబెట్టుకుని పోయాను. హాల్లో పదిమంది దాకా ఉన్నారు. గోడ మీద టీవీలో బావ నవ్వుతున్నాడు. నేను నోరు తెరిచేలోగా ఆయనే లేచి టీవీ కింద నిలబడ్డాడు.

"ఆ మెడ నాదే. ఇప్పుడు ఈ చెయ్యి సూడండి."

చొక్కా పై గుండీ విప్పి మళ్లీ పెట్టబోయాడు. వేళ్లు గుండీ మీంచి జారిపోయాయి. ఇంకోసారి ప్రయత్నించాడు.

లోపలి గదిలోంచి కైరోప్రాక్టర్ వచ్చాడు. "పెద్దాయనా, లోపలికి రండి. ఇంకో సిట్టింగులో సరిచేస్తాను."

"నా మెడ మల్లా నీ చేతికిచ్చేంత ఎర్రోణ్ణా సామీ? ముందు ఆ బొమ్మ ఆపు."

టీవీ ఆగింది. అప్పుడు నేను అందుకున్నాను.

"లోపలికి పోతే పోండి. పోయేముందు ఆయన ఏం చదివినాడో, యాడ నేర్చుకున్నాడో అడగండి. తిమ్మిరున్నా, చేతిలోంచి వస్తువులు జారిపోతాండినా, కాళ్లలో బలం తగ్గినా ముందు డాక్టరు దగ్గరికి పోండి. రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటాంటే, ఎముకలు బలం లేవంటే దాచొద్దు. మీరు మెడ తిప్పొద్దంటే ఆయన తిప్పకూడదు. వద్దనే హక్కు మీది."

"పేషెంట్లను భయపెడతాండారు సార్" అంది కౌంటరు దగ్గరి అమ్మాయి.

"భయపడాలనే చెప్తాండా తల్లీ."

రుద్రవరం నుంచి భార్యతో వచ్చిన ఒక రైతు తన కాలు వైపు చూసుకున్నాడు. "నాకూ తిమ్మిరే. ఆయప్ప అడగనే ల్యా. లెయ్ మే, పోదాం." ఆయన వెనక ఇంకో ఇద్దరు లేచారు. మిగతావాళ్లు కూర్చునే ఉన్నారు. కైరోప్రాక్టర్ ముఖం పాలిపోవడం చూసి నాకు సంతోషం కలిగింది. ఆ సంతోషానికి నేను సిగ్గుపడటం లేదు.

తిరుగు బస్సులో నేను బావ చొక్కా గుండీ పెట్టబోతే ఆయన నా చెయ్యి తోసేశాడు.

"నేనే పెట్టుకుంటా."

ఆళ్లగడ్డ వచ్చేదాకా ప్రయత్నించాడు. గుండీ పడలేదు. గాలికి ఎగిరే చొక్కాను ఎడమచేత్తో పట్టుకుని దిగాడు.

తర్వాతి సోమవారం నేనొక్కణ్ణే పోయి ఆ హాల్లో కూర్చుని, పక్కనున్న కొత్త మనిషిని చేతులెలా ఉన్నాయని అడిగాను.