చుక్కల్లోంచి దిగిన మా నాన్న

మా నాన్న చుక్కల్లోంచి దిగేవాడు. ఎండ కాస్త చల్లబడ్డాక, ఏదో ఒక ఊళ్ళో, ట్రాక్టరు తొట్టి మీంచి. ముఖాన వెండి రంగు, నెత్తిన వెండి కాగితం అంటించిన పాత హెల్మెట్. ఒంటికి, చేపలు ప్యాక్ చేసే థర్మోకోల్ పెట్టెలు కోసి కుట్టిన కవచం. చేతులకి వెండి రంగేసిన రబ్బరు గ్లౌజులు. గుండె మీద బ్యాటరీతో వెలిగే ఎర్ర బల్బు. దూరం నుంచి చూస్తే నిజంగానే ఏ గ్రహం నుంచో వచ్చినవాడిలాగే ఉండేవాడు. దగ్గరికొస్తే మాత్రం చేపల కంపు. ఆ పెట్టెల్ని ఎంత కడిగినా వాసన పోదు మరి. "మీ గ్రహంలోనూ చేపల చెరువులేనా గురూ?" అని కుర్రాళ్ళు ఏడిపించేవారు. నాన్న వేషం చెడకుండా మెల్లగా తల ఊపేవాడు.

మాది పగటివేషాల ఇల్లు. తాతల నాటి నుంచీ వేషం కట్టి, ఊరూరా తిరిగి, గుమ్మం గుమ్మం ముందూ ఆడి, పెట్టింది పుచ్చుకుని బతికినవాళ్ళం. రెండువేలు దాటిన కొత్తలో తాడేపల్లిగూడెంలో ప్రతి ఇంటికీ కేబుల్ వైరు వచ్చేసింది. శివుడి వేషంలో పెదనాన్న గుమ్మంలో నిలబడితే, "సీరియల్ అయ్యాక రావయ్యా" అన్నారట లోపల్నుంచి. శివుడికే దిక్కు లేకపోతే ఇంక మా గతేం కాను?

సరిగ్గా అప్పుడే ఒక పని దొరికింది. పనుల్లో మగ్గుతున్న పిల్లల్ని బడికి పంపమని ఊళ్ళల్లో నాటకాలు వేయించేవాళ్ళు మా పెదనాన్నని పిలిచారు. నాటకం ఆయనే అల్లాడు. "దేవుణ్ణి దింపితే ఆ దేవుణ్ణి మొక్కనివాళ్ళకి కోపం, ఆఫీసర్ని దింపితే అందరికీ కోపం. అదే చుక్కల్లోంచి వచ్చినవాడైతే కులం లేదు, మతం లేదు, పార్టీ లేదు. ఎవడేమంటాడ్రా?" అన్నాడు. అన్నట్టే అయింది. చర్చి ఆవరణలోనూ ఆడాం, రామాలయం పక్కనా ఆడాం. ఎవ్వరూ ఏమీ అనలేదు.

కథ చాలా చిన్నది. చెరువు గట్టు మీద పనిచేసే పిల్ల ఒకత్తి ఏడుస్తూ ఉంటుంది. చుక్కల్లోంచి మంచివాడొకడు దిగి, "ఎవరు పాపా నిన్ను బడి మాన్పించింది?" అని అడుగుతాడు. "మా నాన్నండీ" అంటుంది పిల్ల. ఆయన చెరువు యజమానితో వాదించి, నెగ్గి, పిల్లని బడికి తీసుకెళతాడు. యజమాని వేషం పెదనాన్నది. ఆయన మీసం చూసే పసిపిల్లలు జడుసుకునేవారు. చివర్లో నాన్న జనం వైపు తిరిగి, "ఇంకా ఎవరున్నారు పిల్లలూ? రండి నాతో" అని చెయ్యి చాపేవాడు. నమ్మండి, వచ్చేవారు! పెద్దవాళ్ళు నవ్వుతూ చూస్తుంటే, ఒకరిద్దరైనా లేచి వచ్చి ఆ గ్లౌజు పట్టుకునేవారు. అక్కడే ఉన్న ఊరి టీచరు వాళ్ళ అమ్మానాన్నలతో మాట్లాడేవారు. నలుగురిలో కాదనలేక చాలామంది సరేననేవారు.

ఆ ఏడ్చే పిల్లని నేనే.

అంతకుముందు ఆ వేషం పెదనాన్న కొడుకుది. వాడికి గొంతు మారి, మూతి మీద నూగు రావడంతో నన్ను లాగారు. అప్పటికి ఆరో తరగతిలో ఉన్నాను. "ఒక్క నెలేనమ్మా, తర్వాత బడికి పోదువుగాని" అన్నాడు నాన్న. నెల పోయింది, దసరా పోయింది, పరీక్షలూ పోయాయి. నిజం చెప్పాలంటే మొదట్లో నాకేం బాధ లేదు. లెక్కల మాస్టారి బెత్తం తప్పింది, రోజూ చప్పట్లు, ఊరూరా వేడి బజ్జీలు. రాణీగారి బతుకే! బడిపిల్లల మీద జాలి కూడా పడ్డాను, మొద్దు మొహాన్ని.

ఒకరోజు ఉంగుటూరులో బస్సు కోసం నిలబడి ఉన్నాం. ఎర్ర రిబ్బన్లతో రెండు జడలు మడిచి కట్టుకున్న పిల్లలు బడి వదిలి గుంపుగా వచ్చారు. నా ఈడువాళ్ళే. అందులో ఒకత్తి నా చిరుగుల గౌను చూసి, "అయ్యో పాపం, పనిపిల్ల అనుకుంటానే" అంది పక్కదానితో. అది వేషం చిరుగులే, అమ్మ కత్తెరతో కావాలని కోసినవే. "ఇది వేషమే" అని అరుద్దామనుకున్నాను. కానీ ఆ వేషం విప్పాక నేనేం చదువుతున్నానని చెప్పాలి? వెళ్ళి పెదనాన్న డోలు వెనక నక్కాను. ఆ రోజు నుంచి "మా నాన్నండీ" అనే మాట నా గొంతులో గుచ్చుకోవడం మొదలెట్టింది. అడిగేవాడు నాన్న, చెప్పేదాన్ని నేను, వినేది ఊరు. నాన్న కూడా ఆ మాట దగ్గర నా కళ్ళలోకి చూడటం మానేశాడు.

మా వేషాలకి ఒక కట్టుబాటుంది. ముఖాన రంగు ఉన్నంతసేపు నాన్న నాన్న కాదు, నేను కూతుర్ని కాను. ఎవరేం అడిగినా వేషంలోంచే జవాబు చెప్పాలి. మా తాతకి వేషంలో ఉండగా తేలు కుడితే, ఆ వేషం భాషలోనే కేకలు పెట్టాడట. ఎంత బాగా ఆడుతున్నాడో అని జనం చప్పట్లు కొట్టారట. ఈ కథ నాకు ఉగ్గుపాలతోనే పోశారు.

ఇక ఆ రోజు సంగతి. ఏలూరు నుంచి కొల్లేరు లోపలి ఊరొకదానికి వెళ్ళాం. చుట్టూ చేపల చెరువులు, మధ్యలో కాస్త మెరక మీద ఊరు, చర్చి, బడి. చెరువుల మీద కాపలా ఉండే కుటుంబాలు గట్ల మీదే గుడిసెలు వేసుకుని ఉంటాయి. ఆట చూడ్డానికి వాళ్ళూ వచ్చి చివర్న నిలబడ్డారు. నాన్న ఆ రోజు బ్రహ్మాండంగా ఆడాడు. "రండి నాతో" అని చెయ్యి చాపగానే, చివర్నుంచి ఒక పిల్ల జనాన్ని తోసుకుంటూ వచ్చి గ్లౌజు పట్టుకుంది. నాకంటే కాస్త పొట్టి. చేపలకి మేత సంచులు కట్టి వచ్చినట్టుంది, మోచేతుల దాకా తవుడు అంటుకుని ఉంది. హెల్మెట్ లోకి తొంగి చూస్తూ, "నిజంగా తీసుకెళ్తారాండీ?" అంది. ఆ గొంతులో ఆట లేదు. దానికి అది నాటకమని తెలియదో, తెలిసీ ఆశపడిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

టీచరమ్మ గబగబా వచ్చారు. నేత చీర, మెడలో సన్నటి శిలువ. పిల్ల తండ్రిని పిలిచి మెత్తగా మాట్లాడారు. అతను తువ్వాలు నలుపుకుంటూ, "మేత కట్టడానికి చెయ్యి ఆసరా అండీ అది" అన్నాడు. "పోనీ సోమవారం ఒక్కరోజు పంపి చూడండి" అన్నారు ఆవిడ. అతను కూతురి వైపు చూశాడు. చూసి, "సర్లెండి, చూద్దాం" అన్నాడు. పిల్ల ముఖం విప్పారింది. ఇంకొక్క నిమిషంలో ఆట ముగిసి, మేం సర్దుకుని వెళ్ళిపోయేవాళ్ళం.

టీచరమ్మ సంతోషంగా నా వైపు తిరిగి బుగ్గ తట్టారు. "బాగా చేశావమ్మా. ఏం చదువుతున్నావు నువ్వు?"

నాన్న ముఖాన ఇంకా రంగుంది. నేను వేషంలోంచే చెప్పాను. "చదవట్లేదండీ. మా నాన్న మాన్పించాడండీ."

జనం ఘొల్లుమన్నారు. ఆవిడ నవ్వలేదు. "ఆట అయిపోయిందమ్మా. నిజంగానే అడుగుతున్నాను" అన్నారు. మళ్ళీ అదే అన్నాను, ఈసారి ఏడుపు దానంతటదే వచ్చేసింది. నవ్వులు ఆగిపోయాయి. "మీ నాన్నెక్కడ?" అన్నారు ఆవిడ. కట్టుబాటు ప్రకారం నేను చూపించకూడదు. నేల చూపులు చూస్తూ నిలబడ్డాను. భూమి చీలితే అందులోకి దూరిపోదామనిపించింది.

నాన్న హెల్మెట్ తీశాడు. వేషం మధ్యలో మా ఇంట్లో ఎవరూ చెయ్యని పని. మోచేత్తో ముఖం తుడుచుకుంటే వెండి రంగు చెవుల దాకా పాకింది. "నేనేనండీ. ఈ పిల్ల తండ్రిని. మాన్పించింది నేనే. ఒక్క నెలనుకున్నానండీ..." అన్నాడు. గుండె మీద బల్బు ఇంకా వెలిగి ఆరుతూనే ఉంది. అంత పెద్ద మనిషి అందరి ముందూ తల దించుకుంటే చూడ్డం ఎంత కష్టమో నాకు ఆ రోజు తెలిసింది.

అప్పుడు ఆ పిల్ల తండ్రి ముందుకొచ్చాడు. కేకలు వేసి ఉంటే బాగుండేది. మా గోదావరి మర్యాదే మర్యాద, తిట్టినా 'అండీ' అనే తిడతారు. "బాగుందండీ. చెప్పేవి శ్రీరంగనీతులు. సొంత కూతుర్ని ఎండల్లో తిప్పుకుంటా, నా కూతుర్ని బడికి పంపమంటారేవిటండీ? మీకు ఆట ఎలాగో, మాకు చెరువు అలాగే కదండీ" అన్నాడు.

అతను కూతురి రెక్క పట్టుకున్నాడు. అది గ్లౌజు వదల్లేదు. లాగితే గ్లౌజు ఊడి దాని చేతిలోకి వచ్చేసింది. అతను దాని వేళ్ళు విప్పి గ్లౌజు తీసి, దుమ్ము దులిపి, నాన్న చేతికిచ్చాడు. "ఇదిగోండి, మీది" అన్నాడు. "ఏవండీ, కాస్త ఆగండి" అని టీచరమ్మ వెంటపడ్డారు. అతను ఆగలేదు. గట్టు మీద నడిచిపోతూ ఆ పిల్ల వెనక్కి తిరిగి చూసింది, నాన్నని కాదు, నన్ను. కోపంగా చూసినా భరించేదాన్ని. ఆ చూపులో కోపం లేదు.

తిరుగు బస్సులో పెదనాన్న తిట్లు ఆగలేదు. "రంగు మీదుండి నోరు విప్పుతావురా? తాత పరువు చెరువులో కలిపావు కదరా!" నాన్న కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. చెవి వెనక వెండి రంగు అలాగే ఉంది. పక్క సీటావిడ నవ్వాపుకుంటోంది. "నాన్నా, తుడుచుకో" అన్నాను. ఆయనకి వినపడలేదో, వినపడనట్టు ఊరుకున్నాడో.

సోమవారం నన్ను మా తాడేపల్లిగూడెం బడికి తీసుకెళ్ళాడు. హెడ్మాస్టారు చీవాట్లు పెడుతుంటే చేతులు కట్టుకుని విన్నాడు. నన్ను మళ్ళీ ఆరో తరగతిలోనే కూర్చోబెట్టారు. నేనెళ్ళి చిన్నపిల్లల మధ్య తాటిచెట్టులా కూర్చున్నాను. సిగ్గుగానే ఉంది, అయినా కడుపులో ఎక్కడో ఒక సంతోషం. ఆ సంతోషానికి మరీ సిగ్గేసింది.

ఆ పై ఆదివారం నాన్న ఒక్కడే కొల్లేరు వెళ్ళాడు. వేషం లేదు, మామూలు చొక్కా. "వాళ్ళ నాన్న కాళ్ళు పట్టుకునైనా ఒప్పిస్తాను" అని అమ్మతో చెప్పి వెళ్ళాడు. సాయంత్రానికి తిరిగొచ్చాడు. నేను గుమ్మంలో కూర్చుని కొత్త పుస్తకాలకి అట్టలు వేసుకుంటున్నాను. అమ్మ మంచినీళ్ళు ఇస్తే గ్లాసు పట్టుకుని తాగకుండా కూర్చున్నాడు.

"చెరువులో చేపలన్నీ పట్టేశారంట. వాళ్ళు ఇంకో చెరువు మీదకి పోయారంట. ఎటో ఎవరికీ తెలీదంట" అన్నాడు.

"టీచరమ్మగారిని అడక్కపోయారా?" అంది అమ్మ.

"ఆవిడే చెప్పారు. సోమవారం పొద్దున్నే ఆ పిల్ల ఒక్కత్తీ బడికొచ్చిందంట. తలకి నూనె రాసుకుని, జడేసుకుని. తాళం కూడా తియ్యకముందే వచ్చి మెట్ల మీద కూర్చుందంట. ఇంతలో వాళ్ళ నాన్న వచ్చి తీసుకుపోయాడంట."

నేను చేతిలో పుస్తకాన్ని చప్పుడు చెయ్యకుండా ఒళ్ళో పెట్టుకుని, పైన పరికిణీ కప్పేశాను.