తుల్జక్క పహిల్వాన్ అచ్చులు

ఎండకు వేడెక్కిన కొత్త ఫ్లెక్సీ వాసన నాకు సరిపడదు. కిందటి నెల రాయచూరు స్టేషన్ రోడ్డులో ఆ వాసనకే ముక్కు మూసుకుని తలెత్తి చూశాను. ఏదో బట్టల దుకాణం ప్రారంభోత్సవం. అక్షరాలు ఇటుకలు పేర్చినట్టున్నాయి. గుండ్రంగా ఉండాల్సిన సున్న నలుచదరంగా ఉంది, తలకట్టు దూలంలా ఉంది, అక్షరం లోపలి తెలుపు సన్నని సందుగా మిగిలింది. కడుతున్న కుర్రవాడు, "కంప్యూటర్ల కొత్తగొచ్చినయి సార్," అన్నాడు. పక్కన బీడీ కాలుస్తున్న పెద్దమనిషి నవ్వాడు. "కొత్తవేంది? తుల్జమ్మ ప్రెస్సుల గిట్లాంటివే ఉండె. కాంట్రాక్టరు ఆర్డర్ తీసేసిండని కసితోని పోస్టర్ ఏసింది సూడు, ఆమె!"

ఒళ్లు మండిపోయింది. ఈ మాట ఊళ్లో ఏళ్ల తరబడి తిరుగుతోంది. ఇది పచ్చి అబద్ధం.

తుల్జమ్మ మా ప్రెస్సు యజమానురాలు. నేను ఆమె దగ్గర అక్షరాలు పేర్చే కంపోజిటర్ని, అక్కా అని పిలిచేవాణ్ణి. అణకువ అన్నది ఆమెలో వెతికినా దొరకదు. కొత్త పోస్టరు గోడకెక్కగానే ఎదురుగా నిలబడి, దారిన పోయేవాళ్లను ఆపి, "ఎట్లుంది?" అని అడిగేది. బాగుందనేదాకా వదిలేది కాదు. పోస్టర్లకు వాడే ఆ లావు చెక్క అచ్చులకు పహిల్వాన్లని పేరు పెట్టిందీ ఆమే. కుస్తీలకు, నాటకాలకు, సినిమాలకు, ఎన్నికలకు వాటిని బయటికి తీసేవాళ్లం. ఒకసారి ఒక నాయకుడు తన కూతురి పెళ్లిపత్రికలో తన పేరు ఆ అచ్చులతోనే పడాలని పట్టుబట్టాడు. "పత్రిక సేతుల పట్టుకొని సదువుతరు సావుకారీ. గివి ఏస్తే పెండ్లికొడుకు కుస్తీకొస్తుండనుకుంటరు," అంది. ఆయన ముఖం మాడ్చుకుని వెళ్లాక నావైపు తిరిగింది. "సదివెటోడు ఎంత దూరంల ఉన్నడో సూడు భీమ్యా. పేరుగల్లోడు ఎంత పెద్దోడో మనకెందుకు?" నాకు పని నేర్పింది ఆ మాటే.

పవర్ ప్లాంటులో పనులు తీసుకున్న ఒక కాంట్రాక్టరు అచ్చుపని అంతా మాకే ఇచ్చేవాడు. మా ప్రెస్సు నడిచింది దాని మీదే. ఆ మధ్యాహ్నం కూడా అతని పనిలోనే ఉన్నాం. "భద్రతే ముందు" అని పహిల్వాన్లతో వేసిన కాగితాలు తాడు మీద తడితడిగా వేలాడుతున్నాయి. సగం వేశాం, సగం మిగిలింది. వాటి కింద నుంచి తల వంచుకుని యాపలదిన్ని ఊరి రైతు ఒకాయన లోపలికి వచ్చాడు. కొడుకు హుసేనప్ప ప్లాంటులో అదే కాంట్రాక్టరు కింద బూడిద గొట్టాల మీద పనిచేస్తూ పైనుంచి పడి చనిపోయాడు. కర్మకు చిన్న కాగితం వేయించుకోవాలని వచ్చాడు.

"కాంట్రాక్టరు ఏమన్నడు?" అని అడిగింది అక్క.

"మా మనిషే కాదన్నడమ్మా. ఆ దినం పనిలనే లేడంట. ఊకెనే లోపలికొచ్చి పడ్డడంట."

"పక్కన పనిచేసినోళ్లు లేరా?"

"ఉండిరి. పాలమూరు కూలీలు. మర్నాడే ఏరే పనికి తోలిండ్రు. ఏడున్నరో ఎరుక లేదు."

అక్క తాడు మీది తడి కాగితాలకేసి చూసింది. తర్వాత, "రోజూ లారీల మీద పోతుంటరు గదా కూలీలు?" అంది. ఆయన తలూపాడు. "భీమ్యా, ఆ చట్రం ఇప్పు."

మాకున్న పహిల్వాన్లు ఒక్క సెట్టే. ఒక పోస్టరు చట్రంలో బిగించి ఉండగా ఇంకో పోస్టరుకు అక్షరాలు చాలవు. హుసేనప్ప పేరు కూర్చాలంటే కాంట్రాక్టరు పనిని మధ్యలో విప్పేయాలి.

"అక్కా, వాళ్ల పని రేపు పొద్దున ఇయ్యాలె. ఇది సన్న అచ్చుల ఏద్దం."

"లారీల నిలబడి పోయెటోనికి సన్న అచ్చు కనపడ్తదా? కూడబలుక్కొని సదువుకునెటోళ్లు వాళ్లు. ఇప్పు అంటున్న."

విప్పాను. కాగితం నిండా ఒకే పేరు, హుసేనప్ప. కింద, "ఇతనితో పనిచేసినవాళ్లు వచ్చి చెప్పండి." మంత్రులకూ హీరోలకూ వాడిన అక్షరాల్లో ఆ పేరు చూసి తండ్రి బెదిరిపోయాడు. "ఇంత పెద్దగనా అమ్మా? మేమెంతటోళ్లం?"

"రోడ్డు ఎడల్పుంది పెద్దయ్యా," అంది అక్క.

లారీలు మలుపు తిరిగే ప్రతి గోడకూ అంటించాం. వారం తిరక్కముందే ఇద్దరు కూలీలు వెతుక్కుంటూ వచ్చారు, ఆ రోజు హుసేనప్ప తమ పక్కనే పనిచేశాడని నలుగురిలో చెప్పారు. కాంట్రాక్టరు ఒప్పుకోక తప్పలేదు. ఆ కుటుంబానికి రావాల్సింది వచ్చింది. మా ఆర్డరు పోయింది ఆ తర్వాత. అతనికి భయపడి మిగతావాళ్లూ రావడం మానేశారు. ప్రెస్సు మూతపడింది. పహిల్వాన్లు కట్టెల అడితికి పోయాయి.

కాంట్రాక్టరు పని ఊళ్లో ఇంకో ప్రెస్సుకు వెళ్లింది. నేనూ అక్కడే చేరాను. ఆ యజమాని వచ్చినవాళ్లందరికీ టీ పోయించి మరీ చెప్పేవాడు, ఆర్డర్ పోయిందనే ఉక్రోషంతో తుల్జమ్మ ఆ పోస్టరు వేసిందని. ఒక మనిషి తన నోటికాడ కూడు తానే వదులుకుందంటే నమ్మడం వినేవాళ్లకు కష్టం. కసి అంటే మాత్రం వెంటనే అర్థమవుతుంది. నేను అదే గదిలో తల వంచుకుని అక్షరాలు పేర్చుకున్నాను. ఒక్కసారి కూడా నోరు విప్పలేదు. నా మౌనమే ఆ అబద్ధానికి సాక్ష్యమైంది. "భీమన్న ఈడనే ఉన్నడు, కాదంటే చెప్పడా?" అనేవాళ్లు.

చాలా ఏళ్లకు, అక్క చనిపోయే ముందు, సిగ్గు చంపుకుని వాళ్లింటికి వెళ్లాను. ఊళ్లో ఏమనుకుంటున్నారో, నేనెలా ఊరుకున్నానో మొత్తం చెప్పాను. అక్క అంతా విని ఒకటే అడిగింది.

"ఆ పిలగాని పేరు సరిగ్గ చెప్తుండ్రా?"

"హుసేనప్ప పోస్టరనే అంటరు అక్కా."

"ఇంకేంది మరి? సాలు. చాయ్ సల్లారిపోతుంది, తాగు."

ఆమెకు అది చాలింది. నాకు చాలలేదు. ఇప్పుడు ఎవరైనా ఆ కథ తిరగేసి చెబితే అక్కడే ఆపి సరిచేస్తాను. ముందు చట్రం విప్పాం. ఆర్డరు పోయింది ఆ తర్వాత. విప్పింది నేనే.