భూమయ్య మామ నన్ను పాస్ చేసిన ఉత్తరం

తెలివి ఎక్కువై మునిగినవాళ్ళు లోకంలో చాలామంది ఉన్నారు. సొంత భాష చదవడం రాక నిండా మునగబోయిన ఘనత మాత్రం నాదే. ఎలా మునగబోయానో చెబుతాను, మీరు హాయిగా నవ్వుకోండి.

మాది మహారాష్ట్రలో, భివండిలోని పద్మనగర్. పన్నెండో తరగతి అయ్యేసరికి పూర్ణలోని ఒక గోడౌన్‌లో డబ్బాలకు చీటీలు అంటించే కొలువు బాబాయి మాట్లాడి పెట్టాడు. అది తప్పించుకోవడానికి ఒకటే దారి. పేరున్న యూనివర్సిటీ ఒకటి, ప్రతిభ గల పిల్లలకు ఫీజు, హాస్టల్ అన్నీ భరించే స్కాలర్‌షిప్ ఇస్తోంది. దరఖాస్తులో నన్ను నేను ఎంత పొగుడుకున్నా చాలదట. బడి బయట నన్నెరిగిన పెద్దమనిషి ఉత్తరం రాయాలట, ఏ భాషైనా సరే, సొంత దస్తూరీతో.

ఆ పెద్దమనిషి భూమయ్య మామ. మా నాన్న పనిచేసే మరమగ్గాల కార్ఖానాలో, నేసిన తానులు పరిచి లోపాలు వెతికి, ఉన్నవి ఉన్నట్టు ఎర్ర పెన్సిల్‌తో రాసి పాస్ చేసేది ఆయనే. సెలవుల్లో నేనూ ఆయన పక్కన కూర్చుని బట్ట చూసేదాన్ని. అడగందే అమ్మైనా పెట్టదంటారు. నేను అడగడం కూడా దండగనుకుని, పొగడ్తంతా మరాఠీలో నేనే వండి పట్టుకెళ్ళాను. 'ఈమె పద్మనగర్‌కు దీపం' అన్న వాక్యం కూడా అందులో ఉంది. సిగ్గే మరి.

"మరాఠీ రాయరాదు బిడ్డా. తెలుగుల రాస్త."

"ఏదైనా పర్వాలే మామా. గిది చూసి రాయి, సాలు."

"నువ్వు పో, నేన్ చూస్కుంట."

మర్నాడు ఉత్తరం చేతికొచ్చింది. ఇక్కడొక రహస్యం చెప్పాలి. మరాఠీ బడిలో చదివిన నాకు తెలుగు గలగలా మాట్లాడటం వచ్చు గానీ, చదవడం రాదు. అక్షరాలు ఎంత ముద్దుగా ఉన్నాయో అని మురిసిపోయి, ఫోటో తీసి పంపేశాను.

ఇంటర్వ్యూకు పిలుపొచ్చింది. ఎదురుగా ముగ్గురు. మధ్యలో ఉన్న మేడం కళ్ళజోడు సర్దుకుంది.

"మాది వరంగల్. ఈ ఉత్తరం నేనే చదివాను. నువ్వూ వింటావా?"

పద్మనగర్ దీపం వినయంగా తలూపింది.

"'పిల్లకు మాట ఎక్కువ. పొద్దున జల్ది లేవది. చూసి రాయుమని నాకొక కాగితం ఇచ్చింది. చదివించుకొని ఇన్న, అండ్ల సగం అబద్ధం.'"

పూర్ణ గోడౌన్, డబ్బాలు, చీటీలు, జిగురు వరసగా కళ్ళముందుకొచ్చాయి.

"ఇంకా ఉంది," అన్నది మేడం. "'పోయినేడు ఒక తానుల లోపం చూసి గూడ, బద్ధకానికి రాయక పాస్ చేసింది. తెల్లారి మనసొప్పక, మాలు ఎక్కించిన టెంపో ఎంబడి గైబీ నగర్ దాక ఉరికి వాపస్ తెచ్చింది. ఎవ్వలు చెప్పలే. రంగు పోయే పిల్ల కాదు. పాస్.'"

మేడం నా దరఖాస్తు తిరగేసి అడిగింది. "రోజూ నాలుగింటికే లేస్తానని ఇందులో నువ్వు రాశావు. ఈయన లేవదంటున్నాడు. ఏది నిజం?"

"ఉత్తరమే మేడం. మామ ఇన్నేండ్లల్ల ఒక్క ఖరాబ్ తాను పాస్ చేయలే."

"మరి ఇది చదివి కూడా ఎట్లా పంపావు?"

"నాకు తెలుగు చదవరాదు మేడం."

ముగ్గురూ పడీ పడీ నవ్వారు. నెల తిరగకముందే స్కాలర్‌షిప్ వచ్చింది. మా గల్లీ అంతా దూద్ పేడాలు పంచాం. నా అంత గొప్పది పద్మనగర్‌లో లేదని వారం రోజులు నేనే నమ్మాను.

"గట్ల రాసినవేంది మామా, పానం పోయినంత పనైంది" అని నిలదీశాను.

"లోపం రాయని తానును ఏ సేటు నమ్ముతడు బిడ్డా?" అన్నాడు మామ, పేడా నములుతూ.

ఆ పేడా సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. నేను చదవలేని కాగితాన్ని ఈ జన్మలో ఎక్కడికీ పంపను. తెలుగు చదవడం, రాయడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఈ కథ రాసి ముందు ఆయనకే చూపించాను. కింద ఎర్ర పెన్సిల్‌తో ఆయన రాసింది ఈసారి చదువుకునే పంపుతున్నాను.

'మాట ఎక్కువ. పాస్.'