అమ్మమ్మ నడుం తొక్కమన్న రోజు

నా చిన్నప్పుడు, ఒక శనివారం మధ్యాహ్నం సరిగ్గా మూడు గంటలకి, మా అమ్మ నన్ను అమ్మమ్మ నడుం తొక్కమంది. అప్పుడు మేం అమెరికాలో ఎడిసన్ అనే ఊళ్లో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం. నాకు ఎనిమిదేళ్లు. మూడింటికి వచ్చే కార్టూన్ కోసం టీవీ ముందు కూర్చున్న నన్ను లేపి మరీ తీసుకెళ్లింది కాబట్టి ఆ టైము గుర్తుంది.

అంతకు ముందు వారం అమ్మమ్మ ఉతికిన బట్టల బుట్ట ఎత్తబోయి, వంగినది వంగినట్టే ఉండిపోయింది. పడనైనా పడలేదు. ఎక్స్‌రే తీస్తే వెన్నులో ఒక ఎముక నలిగిపోయి ఉంది. ఎముకలు గుల్లబారాయని, ఆపరేషన్ అక్కర్లేదని, మందులు ఆవిడ కడుపుకి పడవని డాక్టరు చెప్పాడు. ఒకటి రెండు రోజులు పడుకుని, ఆపైన లేచి కొంచెం కొంచెంగా నడవాలట. నడుం వంచకూడదు, బరువులెత్తకూడదు. అంతే.

అమ్మకి ఒళ్లు మండింది. మందు లేదు, కోత లేదు, ఇక వైద్యం ఎక్కడుంది అంది. మా ఇళ్లలో మందుల చీటీ చేతికి రాకపోతే డాక్టరు చూసినట్టే కాదు. అందుకని తనకి తెలిసిన వైద్యం మొదలుపెట్టింది. నడుం పట్టేస్తే పిల్లల చేత తొక్కించుకోవడం మావాళ్లలో మామూలే. నాన్న నడుం నేను ఎన్నోసార్లు తొక్కాను.

కార్పెట్ మీద దుప్పటి పరిచి అమ్మమ్మని బోర్లా పడుకోబెట్టింది. నన్ను గోడ పట్టుకుని మెల్లగా ఎక్కమంది. నేను ఒక పాదం ఆనించాను. అది నాన్న వీపులా లేదు. ఎండు పుల్లల మీద గుడ్డ కప్పినట్టుంది. రెండో కాలు ఎత్తబోతుంటే అమ్మమ్మ నోరు విప్పింది.

"దిగవే. ముందు దిగు."

దిగాను. ఆవిడ మొహం తిప్పకుండా దుప్పట్లోకే మాట్లాడింది.

"మా అమ్మ నడుం నేనే తొక్కాను. నీ అంతే ఉంటాను. కాలి కింద టప్పుమంది. హాయిగా ఉందే, ఇక చాల్లే తల్లీ, అంది. నేను భయపడతానని అలా అంది. కదిలితే నొప్పని అందరూ పడుకోబెట్టే ఉంచారు. పడుకున్నచోటే పోయింది."

అమ్మకి ఆ సంగతి అప్పటిదాకా తెలియదు. వాళ్లమ్మమ్మ జ్వరంతో పోయిందని విని పెరిగింది.

"డాక్టరు ఎలా లేవమన్నాడో చెప్పవే," అంది అమ్మమ్మ నాతో. ఆస్పత్రిలో వాళ్ల ఇంగ్లీషుని ఆవిడకి తెలుగులో చెప్పింది నేనే మరి. నడుం మెలిపెట్టకుండా ఒళ్లంతా ఒక్కసారే పక్కకి దొర్లాలని చెప్పాను. దొర్లింది. చేతులు ఆనించి మోకాళ్ల మీదకి వచ్చింది. అమ్మ కుర్చీ తెచ్చి గట్టిగా పట్టుకుంది. నిలబడేసరికి అమ్మమ్మ జాకెట్టు చెమటకి తడిసిపోయింది. వంటగది దాకా నడిచి, వెనక్కి వచ్చింది.

ఆ తర్వాత రోజూ కారిడార్‌లో గోడ పట్టుకుని నడిచింది. నొప్పి తగ్గడానికి నెలలు పట్టింది. నలిగిన ఎముక మళ్లీ మామూలు కాలేదు, మనిషి పొట్టిదైపోయింది. కానీ చాలా ఏళ్లు తన పనులు తనే చేసుకుంది.

నాన్న ఎంత బతిమాలినా నేను మళ్లీ ఎవరి నడుమూ తొక్కలేదు. ఆ టప్పుమన్న చప్పుడు నేను వినలేదు. అయినా నా అరికాలికి అది తెలుసు.

నా పిల్లలకి ఇంగ్లీషులో చెబితే, మనిషి మీదెక్కి తొక్కడమేంటని నవ్వారు. అందుకే తెలుగులో రాస్తున్నాను. తెలుగు అక్షరాలు నాకు యాభై ఏళ్లు దాటాక నేర్చుకున్నాను, ఓపిగ్గా చదవండి.

ఇప్పుడు నా వెన్నులోనూ ఒక ఎముక నలిగింది. పొద్దున్నే పక్కకి దొర్లి, కాళ్లు కిందికి వదిలి, చెయ్యి ఆనించి లేస్తాను. నొప్పి ఉంటే ఉంటుంది. పడుకుని ఉండిపోవడం కంటే నాకు అదే నయం.

ఆ మధ్యాహ్నం ఆ గదిలో అమ్మమ్మ ఉంది, అమ్మ ఉంది, సోఫాలో నిద్రపోతున్న తమ్ముడున్నాడు, నేనున్నాను. అమ్మమ్మ వాళ్లమ్మ కూడా ఉంది. ఆవిడ పేరు నాకెవరూ చెప్పలేదు.