వంటింట్లో మాటల స్పీకరు

చిత్తూరులో సీడీల కాలం పోయి డీవీడీల కాలం వచ్చిన కొత్తల్లో మా ఆయన ఒక హోమ్ థియేటర్ సెట్టు కొనుక్కొచ్చాడు. డీవీడీ ఆడించే పెట్టెలోనే ఆంప్లిఫయరు కూడా ఉంది. దానికి ఐదు చిన్న స్పీకర్లు, దభీదభీమని మోగే ఒక పెద్ద డబ్బా. తీగల చివర రంగురంగుల ప్లగ్గులు. ఆ ప్లగ్గులు ఆ కంపెనీ పెట్టెకు తప్ప లోకంలో ఇంక దేనికీ దూరవు. మేనరికం తప్ప చేసుకోమనే ఇళ్లు చూశాను గానీ, వస్తువుల్లో అంత పట్టుదల అదే చూడటం.

సెట్టు బిగించే రోజు మా ఆయన ఊళ్లో లేడు. మామ ఉన్నాడు. మామది బెల్లం మండీ. సరుకు ఒక్క పలుకు కూడా వృథా కానివ్వని మనిషి. స్పీకర్లు ఎక్కడ పెట్టమంటారని ఎలక్ట్రీషియన్ అడిగితే ఆయన అట్టపెట్టె మీద బొమ్మ వైపు కూడా చూడలేదు.

“ఐదు బల్బులిస్తే ఐదూ ఒకే రూములో ఏస్తామా అబ్బా? గదికొకటి పెట్టు,” అన్నాడు.

అతను పెట్టేశాడు. హాల్లో ఒకటి, వరండాలో ఒకటి, పడగ్గదిలో ఒకటి, పూజగదిలో ఒకటి, వంటింట్లో ఒకటి. చాలని తీగలకు అతుకులు వేసి గోడల వెంబడి క్లిప్పులు కొట్టాడు. ఆ వారంలోనే ఇంటికి రంగులు వేయించాం. తీగలు గోడల్లో కలిసిపోయాయి.

అలాంటి సెట్లలో మనుషుల మాటలన్నీ ఒక్క స్పీకర్లోంచే వస్తాయట. టీవీ కింద మధ్యలో పెట్టవలసింది అది. పాటలు, వానలు, గుర్రాల డెక్కలు మిగిలినవాటిలోంచి వస్తాయట. మాకేం తెలుసు? ఆ మధ్య స్పీకరు పోయి పోయి వంటింట్లో ఉప్పు జాడీ పక్కన కూర్చుంది.

మొదటి ఆదివారం సినిమా పెట్టారు. హాల్లో హీరో పెదాలు కదుపుతున్నాడు, మాట లేదు. వంటింట్లో నేనూ అత్తా సంగటి కెలుకుతుంటే మా చెవుల పక్కనే ఒక ఆడమనిషి వెక్కి వెక్కి ఏడ్చింది. అత్త చేతిలో తెడ్డు జారిపడింది.

“ఎవురో ఈడనే ఏడస్తా ఉండార్రా,” అని హాల్లోకి కేక వేసింది.

డిస్కు ఆడేటప్పుడు టీవీకి బొమ్మ మాత్రమే పోతుంది. ధ్వనంతా స్పీకర్లకే. టీవీ చెవి ఎంత మెలిపెట్టినా లాభం లేకపోయింది. మా ఆయన తల పట్టుకుని, అన్నీ పీకించి హాల్లోకి తెస్తానన్నాడు. కొత్త రంగు మీద గీత పడితే ఊరుకునేది లేదని మామ అన్నాడు. ఆ ఇంట్లో మామ మాటకు ఎదురులేదు. అట్లా మగవాళ్లకు బొమ్మ, ఆడవాళ్లకు మాట పంచిపెట్టినట్టయింది.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇదేం తిక్క సంసారమని పుట్టింట్లో చెప్పి నవ్వాను కూడా. కానీ నెల తిరగకముందే ఆ పంపకం మా ఇంట్లో ఏం చేస్తున్నదో నా కంటపడింది.

నేను కాపురానికి వచ్చినప్పటి నుంచీ అత్తా మామా మాట్లాడుకోవడం నేను పెద్దగా వినలేదు. పోట్లాట లేదు, అలక లేదు. మామ పొద్దంతా మండీలో బేరాలతో నోరు అరగదీసుకుని, ఇంటికొచ్చేసరికి మాటలు అయిపోయిన మనిషిలా ఉండేవాడు. “అన్నం,” అంటే అత్త పెట్టేది. “సొక్కా,” అంటే ఇచ్చేది. అంతే. అత్త మాటకారి. వీధిలో కూరగాయల ఆమెతో అరపూట మాట్లాడగలదు. అలాంటి మనిషి ఆయన ఎదుట గరిటె పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడేది. అది చూస్తే నాకు భయం వేసేది. కొన్నేళ్లు పోతే మేమిద్దరమూ ఇంతేనా అని.

ఆ నెలలోనే ఒక ఆదివారం సినిమా అయ్యాక, కోడికూరా సంగటీ ముందు కూర్చుని మామ మొదటిసారి తల ఎత్తి అత్తను అడిగాడు.

“ఏమ్మే, ఆ పచ్చ సొక్కా వాడు ఎందుకు కొట్టినాడు ముసలాయన్ని?”

అత్తకు పచ్చ చొక్కా తెలియదు. ఆమెకు తెలిసింది గొంతు.

“గొంతు గీరగా ఉంటాదే, వాడేనా?”

“గొంతు నాకేం తెల్సు? మీసాలు సన్నంగా ఉంటాయి.”

“అయితే వాడే. సొంత మేనమామ పొలం అమ్మేసినాడంట. ఆ ముసలాయన మేనమామ.”

“మేనమామా? నేను దాయాది పాలోడనుకుంటి.”

అట్లా చొక్కాలకూ గొంతులకూ జతలు కుదుర్చుకుంటూ ఇద్దరూ కలిసి సినిమా కట్టేవారు. ఒక్కోసారి విలన్ మాటలు తెచ్చి హీరోకు తగిలించేవారు. మా ఆయనా నేనూ ముసిముసిగా నవ్వుకునేవాళ్లమే గానీ దిద్దేవాళ్లం కాదు. వారమంతా కలిపి మాట్లాడనన్ని మాటలు ఆ ఒక్క పూట మాట్లాడుకునేవారు. శనివారం వచ్చిందంటే అత్త నడకలోనే తేడా ఉండేది. “రేపు ఏం క్యాసెట్టు తెస్తా ఉండాడు మీ ఆయన?” అని నన్ను అడిగేది. డిస్కును ఆమె చివరిదాకా క్యాసెట్టనే అంది.

అట్లా మూడు నాలుగేళ్లు నడిచింది. ఒక ఎండాకాలం పెట్టె ఆగిపోయింది. రేడియో రిపేరు చేసేవాడు వచ్చి మూత తీస్తే లోపల బల్లి. పచ్చ పలక మీద నిలువునా చచ్చి ఉంది. బల్లిని ఎవరూ ముట్టుకోలేదు. కంచికి పోయి బంగారు బల్లిని తాకి వచ్చింది మా ఇంట్లో అత్త ఒక్కతే కాబట్టి, దోషం అంటని చేత్తో ఆమే చీపురుపుల్లతో తీసి పారేసింది. బల్లి పోయింది గానీ పెట్టెకు ప్రాణం రాలేదు.

“పెట్టె పని అయిపోయింది మేడం. స్పీకర్లకు ఏ రోగమూ లేదు,” అన్నాడు రిపేరతను.

మా ఆయన కళ్లు మెరిశాయి. అన్నీ తీసి పారేసి మొత్తం కొత్త సెట్టు తెస్తానన్నాడు. నేను అడ్డం పడ్డాను. పెట్టె ఒక్కటే మారుద్దాం, స్పీకర్ల జోలికి పోవద్దన్నాను. నాది పొదుపు అనుకున్నారు. పొదుపూ కాదు, పాడూ కాదు. వంటింట్లో ఆ స్పీకరు కదిలితే ఆదివారం మాట కదిలిపోతుందని నా భయం. ఆ మాట మగవాళ్లకు ఎట్లా చెప్పాలో తెలియలేదు.

ఇద్దరం బస్సెక్కి తిరుపతి పోయాం. షాపులో కుర్రవాడు కాదు, కాస్త నెరిసిన మనిషే, మేం నమూనాకు కోసి తెచ్చిన తీగ చివర ప్లగ్గు చూసి పెదవి విరిచాడు.

“ఈ స్పీకర్లు వేరే కంపెనీ రిసీవరు పెట్టెకు పనికిరావు మేడం. మొత్తం సెట్టు తీసుకోండి.”

“ప్లగ్గు కోసేసి తీగ కలిపితే?”

“కలిపినా పలకవు.”

“కాణిపాకం వచ్చి ప్రమాణం చేస్తావా అప్పా?” అన్నాను.

మా జిల్లాలో ఆ మాట అంటే ఎంత గట్టివాడైనా ఒకసారి గుటక వేస్తాడు. వినాయకుడి ఎదుట తడిబట్టలతో అబద్ధం చెప్పి బాగుపడినవాడు లేడని మా నమ్మకం. అతను మా ఆయన వైపు చూశాడు. మా ఆయన అటక మీది డబ్బాల వైపు చూశాడు.

“అంత దూరం ఎందుకులే మేడం. తీగలు కలిపితే పలుకుతాయి. సౌండు మరీ పెంచొద్దు. ఆ పెద్ద డబ్బా మాత్రం దీనికి రాదు,” అన్నాడు.

విడిగా రిసీవరు, విడిగా ఒక డీవీడీ ప్లేయరు తీసుకుని బస్సులో ఒళ్లో పెట్టుకుని వచ్చాం. చిత్తూరు చేరేదాకా నేను గెలిచిన మనిషిలా కిటికీ పక్కన కూర్చున్నాను.

రిపేరతను మర్నాడే వచ్చాడు. నేను పెరట్లో వడియాలు పెడుతున్నాను. అతను ప్లగ్గులు కోసి, తీగలు ఒలిచి, ఏ స్పీకరు ఏదని వెతికితే ఇల్లంతా తిరగాల్సి వచ్చిందట. ఇన్నాళ్లూ ఇట్లా ఎట్లా విన్నారని నవ్వాడట. మా ఆయనకు రోషం వచ్చింది. గోడల్లో తీగలు గోడల్లోనే వదిలేసి, స్పీకర్లను మాత్రం ఉన్నచోటు నుంచి తీసి, కొత్త తీగలతో ఐదింటినీ హాల్లో పెట్టించేశాడు. రంగు మీద గీత పడలేదు కాబట్టి మామా ఏమీ అనలేదు. నేను చేతులు కడుక్కుని వచ్చేసరికి టీవీ కింద కూర్చుని ఉంది మా వంటింటి స్పీకరు. నూనె జిడ్డు తుడిచేసరికి గుర్తుపట్టలేకపోయాను.

పాత స్పీకర్లు మాత్రం నేను అడిగినట్టే ఇంట్లో ఉండిపోయాయి. అవి ఎందుకు ఉండాలన్నానో అదే పోయింది.

ఆ ఆదివారం హాల్లో మాట మాటా స్ఫటికంలా వినపడింది. మా ఆయన ముఖం వెలిగిపోయింది. వంటింట్లో తెడ్డు చప్పుడు తప్ప ఏమీ లేదు. అత్త ఉప్పు జాడీ వైపు రెండుసార్లు చూసింది. అన్నాల దగ్గర మామ ఏమీ అడగలేదు. అడగడానికి ఏముంది, అన్నీ విన్నాడు కదా. అత్త గరిటె పట్టుకుని ఎదురుచూసింది. ఆయన తినేసి చెయ్యి కడుక్కున్నాడు.

తరువాతి వారం నేను పొయ్యి తగ్గించి అత్తను హాల్లోకి పంపాను. ఆమె కుర్చీ అంచున కూర్చుని సినిమా మొత్తం చూసింది. అదీ పని చేయలేదు. ఇద్దరూ చూశారు, ఇద్దరూ విన్నారు. ఇంక ఒకరి దగ్గర ఒకరికి కావలసింది ఏమీ మిగల్లేదు. మళ్లీ వారం అత్త వంటింట్లోంచి రాలేదు.

మా ఆయనతో చెప్పాను. నవ్వాడు. “మా అమ్మా నాయనా మాట్లాడుకోవాలంటే మధ్యలో స్పీకరు కావాల్నా?” అన్నాడు. కావాలి అన్నాను. ఆ పూట నాతో ఆయనకూ మాటల్లేవు.

ఇదంతా మామకు పట్టలేదనే అనుకున్నాను. బెల్లం దిమ్మెను గోటితో గీరి పాకం చెప్పే మనిషికి ఇంట్లో ఆడమనిషి ముఖం చదవడం రాదని ఆయన మీద లోపల్లోపల మండిపడ్డాను.

మరొక ఆదివారం. ఏదో కుటుంబం సినిమా. చివర్లో ఎర్ర చీర కట్టుకున్న ఒక తల్లి పెద్దగా ఏడ్చింది. ఎందుకు ఏడ్చిందో ఆమె నోటితోనే ఇంత పొడుగున చెప్పింది. హాల్లో కూర్చున్న మామకు ప్రతి మాటా వినపడే ఉంటుంది. సినిమా అయ్యాక అందరం అన్నాలకు పీటల మీద కూర్చున్నాం. అత్త ఎప్పటిలా గోడకు ఆనుకుని నిలబడింది. మా ఇంట్లో ఆమె మాతో కలిసి తినడమన్నదే లేదు. అందరూ లేచాక, మిగిలిన కూర చూసుకుని తినేది.

మామ సంగటి ముద్దలో గుంట చేసి పులుసు పోసుకుని, తల ఎత్తకుండా అన్నాడు.

“ఏమ్మే, ఆ ఎర్ర సీర ఆమె ఎందుకేడిసింది?”

మా ఆయన నోరు తెరవబోతే నేను మోకాలితో పొడిచాను.

“నాకేం తెల్సు,” అనింది అత్త. “నాకు ఇనపళ్లా. ఈడ ఇప్పుడు ఏమీ ఇనపడేది లేదు గదా.”

నిష్టూరంగా అనలేదు. ఉన్నమాట చెప్పినట్టే చెప్పింది. మామ ఒక ముద్ద పులుసులో అద్దాడు.

“ఇనపడకపోతే పోనీ. ఎందుకేడిసుంటాదో సెప్పు.”

అత్త గరిటె గిన్నెలో పెట్టింది. మా వైపు చూడలేదు. ఆయన నడినెత్తి మీద పలచబడ్డ జుట్టు వైపు చూసింది.

“అడిగేవాళ్లు లేక ఏడ్సుంటాది,” అనింది.

మా ఆయన తల వంచుకున్నాడు. ఇన్నాళ్లూ అత్తకు స్పీకర్లో మాటలు వినపడటమే కావాలనుకున్నాను. ఆమెకు కావలసింది అది కానే కాదు.

మామ ముద్ద కంచంలో పెట్టి, ఎడమ చేత్తో గోడ వారనున్న పీట ఒకటి లాగి తన పక్కన వేశాడు.

“కూసో,” అన్నాడు. “కూసోని సెప్పు.”

అత్త కొంగుతో చేతులు తుడుచుకుంది. ఒకసారి నా వైపు చూసి, పీట మీద కూర్చుంది. నేను లేచి ఆమెకు కంచం పెట్టి సంగటి వడ్డించాను.