ఎల్బీనగర్ చౌరస్తాలో సముద్రపు పురుగులు

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజుల్లో నేను దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పేదాన్ని. గాలిలోని కార్బన్‌ను సముద్రజీవులు లోతుల్లోకి ఎలా చేరవేస్తాయో ఒకరోజు వివరిస్తుంటే, నల్గొండ వైపు నుంచి వచ్చిన సంధ్య లేచి, "గా జీవుల్ని మీరు చూసిన్రా మేడం?" అని అడిగింది. నేను పుట్టింది కాకినాడలో, చదివింది ఇదే సబ్జెక్టు. అయినా స్లైడు మీద రంగు పూసిన శవాలను తప్ప, ఈదుతున్నవాటిని ఎన్నడూ చూడలేదు. నాలుక ఊరుకోదు కదా, ఈసారి ఊరెళ్లినప్పుడు బతికున్నవాటినే తెచ్చి చూపిస్తానని క్లాసు మొత్తానికీ మాటిచ్చేశాను.

సెలవులకు వెళ్లినప్పుడు, తిరుగు ప్రయాణం రోజు సాయంత్రం మా చిన్నాన్నకు తెలిసినాయన పడవలో తిప్పాడు. సన్నటి జాలిగుడ్డ సంచిని నీళ్లలో ఈడ్చుకుంటూ వెళ్లాం. ఈ జీవుల్లో చాలావరకు పగలు అడుగున దాక్కుని చీకటి పడ్డాక మేతకు పైకొస్తాయి, కాబట్టి పొద్దుగుంకాక వెళ్తేనే నయం. టార్చి వేస్తే రొయ్యలకు చుట్టాలైన, గసగసాల గింజంత కోపిపాడ్‌లు నీళ్లలో తుళ్లుతూ కనిపించాయి. చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను. రెండు లీటర్ల సీసాలో సగం వరకే నీళ్లు నింపి, మిగతా సగం గాలి కోసం ఖాళీగా ఉంచి, తడి తువ్వాలు చుట్టి నల్ల సంచిలో పెట్టుకున్నాను. రాత్రి తొమ్మిదిన్నర బస్సులో దాన్ని పసిపిల్లలా ఒళ్లోనే ఉంచుకున్నాను. మామూలుగా ఉదయం ఏడింటికల్లా దిల్‌సుఖ్‌నగర్‌లో దిగిపోవచ్చు.

ఆ రోజు బస్సు హయత్‌నగర్ దాటలేదు. ఎల్బీనగర్‌లో వంటావార్పు అన్నారు. అంటే నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, వండి, అందరూ అక్కడే కూర్చుని తినడం. అప్పట్లో నిరసన అలాగే జరిగేది. షేరాటో అతను మనిషికి ఇరవై రూపాయలు అడిగాడు. "మన్సూరాబాద్ గల్లీలకెల్లి తీస్కపోత మేడం. చౌరస్తా దాక పోదు, ఇవతల్నే దిగాలె" అని ముందే చెప్పాడు. ఎండ ముదురుతోంది. తువ్వాలు ఆరిపోతోంది. మధ్యాహ్నం దాకా ఇవి ఆగుతాయన్న నమ్మకం నాకు తగ్గిపోతోంది.

చౌరస్తాలో వరసగా పొయ్యిలు, పొగ, డప్పుల మోత. ఒక గుండిగ దగ్గర అన్నం కలుపుతూ సంధ్య కనిపించింది, వెనక మా క్లాసు పిల్లలు సగం మంది. "కాలేజీ బంద్ మేడం, ల్యాబుకు గూడ తాళమేసిన్రు" అంది. రేపటికి ఇవి ఉండవు. ఇచ్చిన మాట గంగలో కలిసినట్టేననుకుని అక్కడే కూర్చున్నాను. సీసా బయటకు తీసి చూస్తుంటే, పక్కన కూరగాయలు కోస్తున్న మల్లమ్మ అనే పెద్దావిడ, "అయ్యో, సగమే ఉన్నయి గద బిడ్డా, ఎండల ఎట్ల సాల్తయి?" అంటూ చెంబెత్తి సీసాలో నీళ్లు పోయబోయింది.

"వద్దు! ఆ నీళ్లు పోస్తే పాడైపోతాయి!" అని కేకవేసి సీసా లాక్కున్నాను.

మల్లమ్మ ముఖం మాడిపోయింది. "మా నీళ్లు పోస్తే పాడైతయా?" అంది. వెనక నుంచి ఎవరో, "ఆంధ్ర మేడం గదా" అన్నారు. నీళ్ల కోసమే సగం పోరాటం నడుస్తున్న చోట నా నోటి నుంచి రావలసిన మాటేనా అది! సంధ్య తల వంచుకుంది.

ఆవిడ చేతిలోని చెంబు తీసుకుని గటగటా తాగేశాను. "నాకు కాదమ్మా, వీటికి పడవు. సముద్రంలో పుట్టినవి, మంచినీళ్లు తగిలితే చచ్చిపోతాయి" అన్నాను. "ఏవి? ఏం కనబడ్తలేవు గద?" అంది మల్లమ్మ, ఇంకా అనుమానంగానే. సంధ్య గబగబా వచ్చి తన నల్ల చున్నీని సీసా మీదా తన తల మీదా కప్పుకుని, లోపల సెల్‌ఫోన్ టార్చి వేసింది. లోపలి నుంచే, "ఎగురుతున్నయి మేడం! బతికే ఉన్నయి!" అని అరిచింది.

ఇక చున్నీ కిందకు ఒకరి తర్వాత ఒకరు దూరారు. నేను పాఠం అందుకున్నాను. నీళ్లలో కరిగిన కార్బన్‌ను కంటికి కనిపించని పచ్చటి మొక్కలు పీల్చుకుంటాయి. వాటిని ఇవి తింటాయి. ఇవి తీరం దగ్గరివి గానీ, నడిసముద్రంలో వీటి చుట్టాలు రాత్రి పైన మేసి, తెల్లవారకముందే లోతుకు దిగిపోతాయి. వాటి పెంట, చచ్చినవాటి ఒళ్లు ఇంకా కిందికి రాలుతుంటాయి. అందులో కొంత అట్టడుగుకు చేరిందంటే, ఆ కార్బన్ వందల ఏళ్ల దాకా మళ్లీ గాలిలోకి రాదు. ఈ పని ఆగిపోతే గాలిలో కార్బన్ ఇంకా పెరిగి, ఎండలు ఇంకా మండిపోతాయి.

మల్లమ్మ చివరగా నాతో కలిసి చున్నీ కింద తల పెట్టి చూసి, చున్నీ తీస్తూ, "అడుగున పడ్డయి సచ్చినయా?" అంది. రాత్రి దారిలో కొన్ని పోయాయని చెప్పాను. "గట్లనా! సచ్చినంక గూడ పని జేస్తున్నయన్నట్టు" అని, నా ముందు విస్తరి వేసి, వేడన్నం, పప్పు వడ్డించింది. "తిను బిడ్డా. ఎప్పుడు తిన్నవో ఏమో."

సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్ గదికి చేరేసరికి సీసాలో కదలిక లేదు. బాధేసింది, దాచుకోవడమెందుకు. కానీ ల్యాబులో అయితే ముప్పై మందే చూసేవారు, చౌరస్తాలో ఎంతమంది చూశారో నేను లెక్కపెట్టలేదు. రాష్ట్రం గురించి ఆ రోజు నన్నెవరూ ఏమీ అడగలేదు, నేనూ చెప్పలేదు. మల్లమ్మ తలా నా తలా ఒకే చున్నీ కింద ఆనుకుని ఉన్న ఆ నిమిషం మాత్రం ఇప్పటికీ తలచుకుంటాను.

సముద్రజీవులను ఇంత దూరం తెచ్చేవాళ్లకు ఒకే సలహా. సీసాను సగమే నింపండి, తడిబట్ట ఆరనివ్వకండి. దారిలో ఎవరైనా ప్రేమగా అందులో నీళ్లు పోయబోతే, ముందు ఆ నీళ్లు మీరు తాగండి, తర్వాతే వద్దని చెప్పండి.