గోడ మీద బొగ్గు గీతలు

నేను ఎస్సెస్సెల్సీ చదివిన ఏడు నంద్యాలలో మా మేనమామ ఇంట్లో ఉన్నాను. మామ కొడుకు నాకంటే ఆరు నెలలు చిన్న. సాయంత్రాలు ఇద్దరం తాలీంఖానాకు పోయి కసరత్తు చేసేవాళ్ళం. అక్కడ రెండు రాతి స్తంభాల మధ్య ఒక ఇనుప కడ్డీ ఉండేది. దానికి వేలాడి, కాళ్ళు ఎవరూ పట్టకుండా, గడ్డం కడ్డీ దాటేదాకా తొలిసారి ఒళ్ళు పైకి లాగినవాడే ఆ శనివారం ఆంజనేయుడికి టెంకాయ కొట్టాలి. మొదటి చిప్ప, అన్నాళ్ళూ తన కాళ్ళు పట్టి ఎత్తినవాడికి ఇవ్వాలి. అది అక్కడి పద్ధతి. నా కాళ్ళు వాడు పట్టేవాడు, వాడి కాళ్ళు నేను.

ఆ టెంకాయ వాడికంటే ముందు కొట్టాలని నాకు పిచ్చి పట్టింది. వాడు ఏం చేసినా ఇంట్లో మురిసిపోయేవాళ్ళు. రెండో సంగటి ముద్ద అడిగినా అదో ఘనకార్యమే. నా కడుపు మండేది. వాడికంటే ముందు నేను లేస్తే తలనీలాలు ఇస్తానని అహోబిలం నరసింహస్వామికి మొక్కుకుని, ఎవరికీ చెప్పకుండా జుట్టు పెంచాను.

ప్రతి శనివారం సాయం లేకుండా ఒక్కసారి లాగాలి. నెత్తి ఎంతవరకు లేచిందో వెనక గోడ మీద బొగ్గుతో గీసేవాళ్ళు. ఎడమ వైపు నావి, కుడి వైపు వాడివి. ఇద్దరిదీ ఒకటే ఎత్తు. దసరా నాటికి నా గీతలు వాడి గీతలను దాటిపోయాయి. ఆ రోజుల్లో నాకు అన్నం సహించింది, నిద్ర బాగా పట్టింది.

కార్తీకంలో ఒక శనివారం వాడి గడ్డం కడ్డీ దాటింది. నాది దాటలేదు. కానీ గోడ మీద ఇద్దరి గీతలూ సమానం.

"గీత సమానమైనప్పుడు నాదీ లెక్కే గదా?" అని కొట్లాటకు దిగాను.

తాలీంఖానా నడిపే వస్తాదు నా నెత్తిన అరచెయ్యి పెట్టి అదిమాడు. ఉంగరాల జుట్టు మూడు వేళ్ళు అణిగింది.

"ఇన్ని దినాలూ పైకి లేస్తాండేది నీ జుట్టప్పా, నువ్వు గాదు."

అందరూ పగలబడి నవ్వారు. వాడు టెంకాయ కొట్టి మొదటి చిప్ప నా చేతిలో పెట్టాడు. ఆకలి లేదని తిరిగి ఇచ్చేశాను.

సెలవులకు మా ఊరు ఆళ్లగడ్డ పోయినప్పుడు అమ్మకు మొక్కు సంగతి తెలిసింది. "మొక్కిన జుట్టు ఆడనే ఇయ్యల్ల" అని అహోబిలం తీసుకుపోయి గుండు కొట్టించింది. ఓడిపోయి తలనీలాలు ఇచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

మాఘంలో, ఆ గుండుతోనే, నా గడ్డం కడ్డీ దాటింది.

"దాటింది బావా, దాటింది!" అని నాకంటే ముందు వాడే కేక పెట్టాడు. గీత కూడా వాడే గీశాడు. అది వాడి గీతకు వేలెడు కింద పడింది. గుండు కదా మరి. నా కళ్ళు మాత్రం ముందు ఆ వేలెడు తేడా మీదికే పోయాయి.

టెంకాయ కొట్టాను. వాడు చెయ్యి చాపాడు. నాకు ఇవ్వబుద్ధి కాలేదు. మొదటి చిప్ప తీసుకుపోయి వస్తాదు చేతిలో పెట్టాను.

"నాకియ్యవా బావా?" అన్నాడు వాడు, నవ్వుతూనే. చాపిన చెయ్యి ఇంకా అట్లాగే ఉంది.

రెండో చిప్ప నా దగ్గరే ఉంది. అది నేనే తిన్నాను.